గండి దరువు

కాలువగట్టు పేట, పాలకొల్లు దగ్గర
1893 జూలై 20

తమ్ముడు రాజరత్నానికి అక్క సూరమ్మ రాయునది.

ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలని, నాకు అక్షరాలు నేర్పిన మాణిక్యాంబగారు అప్పుడే చెప్పింది. ఇక్కడ క్షేమం లేదు. అందుకని రాయడం లేదు. మీరక్కడ క్షేమంగానే ఉంటారు. మిషను బంగళా పక్కన పెంకుటిల్లు, బడిలో కుర్చీ, ఉండక ఏం చేస్తారు?

మొన్న ఆదివారం మన గుడిలో సంఘపెద్ద అప్పారావు లేచి నిలబడి మిషను దొరగారి కాగితం చదివాడు. మీ బావ ముసలయ్య మరిడమ్మ జాతరలో డప్పు వాయించాడట. అందుకని ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె పుచ్చుకోవడానికి రాకూడదట, గుడి గడప దాటకూడదట. అంతవరకూ విని ఊరుకునేదాన్నే. ఆ తరవాత అప్పారావు, "మన రాజరత్నంగారు కూడా విచారించి నిజమేనని దొరగారికి చెప్పారండి" అన్నాడు. ఒరేయ్, నువ్వు ఎవరిని విచారించావు? రాజమహేంద్రవరంలో కూర్చుని ఏ గోడని అడిగావు? సొంత అక్కని ఒక కార్డు ముక్క రాసి అడగడానికి నీకు చేతులు పడిపోయాయా?

జరిగింది చెబుతాను, విను. జాతర నాడు పొద్దువాలే వేళ మీ బావ మేక కోసం గట్టెక్కాడు. కాలువ వంపు దగ్గర ఎండ్రకాయ బొరియ పెద్దదై గట్టులోంచి నీళ్ళు బుడబుడమని ఇవతలికి వస్తున్నాయి. కాలువ మన గడపల కంటే ఎత్తున పారుతుందని నీకు తెలుసు, ఇక్కడే పుట్టావు కదా. ఊరి రైతులందరూ అవతల జాతరలో ఉన్నారు. అరిస్తే ఎవడికి వినపడుతుంది ఆ గోలలో? మీ బావ పరుగెత్తుకెళ్ళి డప్పుల రాముడి మెళ్ళోంచి డప్పు లాక్కుని గండి దరువు వాయించాడు. అది జాతర దరువు కాదు. గండి దరువు వింటే ఈ కాలువ పొడుగునా ఎవరూ కూర్చోరు, చేతిలో ముద్ద వదిలేసి పారలతో పరుగెత్తాల్సిందే. అలాగే పరుగెత్తారు. గడ్డిమోపులు, తాటిదుంగలు, మట్టి వేసి పూడ్చారు. మన పేట నిలిచింది, కామందుగారి నారుమళ్ళూ నిలిచాయి.

తెల్లారేసరికి ఊళ్ళో కథ మారిపోయింది. 'కిరస్తానం పుచ్చుకున్నవాడి చేత కూడా అమ్మవారు డప్పు కొట్టించింది' అని ఊరంతా ఒకటే సంబరం. ఆ మాట పడవెక్కి నీ దాకా వచ్చి ఉంటుంది. బాప్తిస్మం నాడు తన డప్పుని తన చేత్తో కాలువ గట్టున కాల్చేసిన మనిషిరా ఆయన. డప్పు మానినందుకు కూలిపనికి పిలవడం మానేశారు, అయినా నోరు మెదపలేదు. ఆ మనిషిని నువ్వు గడప అవతల కూర్చోబెట్టావు.

బల్ల ఇవ్వడానికి దొరగారు అక్టోబరులో పడవ మీద వస్తారు. ఆ లోపల మీ బావ గుడి లోపలికి రావాలి. ముడి వేసింది నువ్వు, విప్పాల్సింది నువ్వే. మరదలు ప్రసన్నకుమారికి ఆరో నెల అని విన్నాను. కాళ్ళు వాస్తే చూసుకోమను. దాని మీద నాకు కోపం లేదు.

ఇంకా నీ అక్కనే అయిన
సూరమ్మ

రాజమహేంద్రవరం
1893 జూలై 31

ప్రభువునందు ప్రియమైన అక్కయ్యగారికి తమ్ముడు రాజరత్నం నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. కన్నీళ్ళతో చదివాను. మీరు కోపంలో ఉన్నారు కనుక మీ మాటలు మనసులో పెట్టుకోను.

అక్కయ్యా, బావగారంటే నాకు గౌరవం లేక కాదు. మా బడిలో తెలుగు చెప్పే మున్షీగారు పిల్లలందరి ముందు, "ఏమండీ రాజరత్నంగారూ, మీ బావగారి చేత మా అమ్మవారు డప్పు కొట్టించిందటగా!" అని నవ్వారు. నేను తల ఎత్తుకోలేకపోయాను. ఇంతలో సంఘపెద్ద అప్పారావుగారి ఉత్తరం వచ్చింది, తన కళ్ళతో చూశానని. పసుపు పూసిన డప్పు బావగారి చేతిలో ఉందని రాశారు. మీరు కూడా కాదనడం లేదు కదా? భార్య భర్తను వెనకేసుకు రావడం సహజమే. నేను తప్పు పట్టను.

మార్గం సులువుగా ఉంది. దొరగారు వచ్చినప్పుడు బావగారు లేచి, తప్పయిందని ఒక్క మాట అంటే చాలు. ఆ రోజే లోపలికి తీసుకుంటారు. అంతవరకు ఇది శోధన అనుకోండి. శ్రమల్లో సంతోషించేవారే సంఘానికి దీపాలు. మీరు సంతోషంగా ఉంటే చుట్టుపక్కల వాళ్ళు చూసి బలపడతారు.

క్రిస్మసుకి నాకు పాదిరి పట్టం ఇస్తామని దొరగారు సెలవిచ్చారు. మన అమ్మానాన్న ఉంటే ఎంత మురిసిపోయేవారో! ఇలాంటి సమయంలో మన ఇంటి పేరు మీద మచ్చ రాకూడదని కూడా నా బాధ. ప్రసన్నకుమారి మీరు పంపిన చింతకాయ పచ్చడి అడుగుతోంది, జాడీ అడుగంటిందట.

మీ క్షేమం కోరే
రాజరత్నం

కాలువగట్టు పేట
1893 ఆగస్టు 14

పట్టాభిషేకం కానున్న పాదిరిగారికి సూరమ్మ రాయునది.

వెనకేసుకు వస్తున్నానా? మీ బావ తప్పు చేస్తే పదిమందిలో ఏకిపెట్టేది నేనేనని పేటంతా ఎరుగును. నీకొక్కడికే తెలియదు.

నీ 'ఒక్క మాట' సంగతి ఆయనతో చెప్పాను. ఆయన మేకకి తుమ్మకాయలు పెడుతూ నవ్వాడు. "ఏమని ఒప్పుకోనే? గండి పడుతుంటే చూస్తూ ఊరుకోనందుకు తప్పయిందనా? ఆ మాట అంటే దేవుడికి కూడా నవ్వొస్తుంది" అన్నాడు. మళ్ళీ మేక దగ్గరికి పోయాడు.

ఆదివారం ఇంట్లో కూర్చుంటాడనుకున్నాను. లేదు. తలకి నూనె రాసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, అందరికన్నా ముందు వెళ్ళి గుడి గోడకి వీపు ఆనించి బయట కూర్చున్నాడు. లోపల పాట మొదలు కాకముందే బయట మొదలుపెట్టాడు. ఆ గొంతు నీకు తెలుసుగా, లోపలి వాళ్ళు ఆయన వెనకాల పాడాల్సి వచ్చింది. అప్పారావు గుమ్మంలోకి వచ్చి కళ్ళెర్రజేశాడు. మీ బావ చేతులెత్తి నమస్కారం పెట్టి ఇంకో చరణం ఎత్తుకున్నాడు. వాన వచ్చినా లేవలేదు. నేను లోపల ఆడవాళ్ళ వరసలో కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. ఆ మరుసటి వారం నుంచి నేనూ లోపలికి వెళ్ళడం మానేశాను. ఆయన పక్కనే కూర్చుంటున్నాను, కాని పాడటం లేదు. నాకు పాట రావడం లేదు.

ఇంకో మాట చెబుతాను, మనసు పెట్టి విను. కూడు వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి సంఘం కుండలో వెయ్యడం మన ఆనవాయితీ కదా. పని లేని ఈ రోజుల్లో మాకు వండటానికి ఎన్ని గింజలుంటున్నాయో నీకు తెలియదు, అయినా పిడికెడు తీస్తూనే ఉన్నాను. మొన్న ఆ బియ్యం పట్టుకెళితే అప్పారావు తిరిగి పంపేశాడు. బల్లకి దూరమైన ఇంటి బియ్యం పుచ్చుకోకూడదట! నేను దారి పొడుగునా ఏడుస్తూ ఇంటికొచ్చాను. మీ బావ ఆ మూట చూసి, "భలే, ఇవాళ మనకి విందు" అని గంజి కాచి, కాలువలో చేపలు పట్టే బుల్లియ్యనీ పెళ్ళాం తలుపులమ్మనీ పిలిచాడు. పాపం వాళ్ళ బిడ్డకి జ్వరం, వాళ్ళ పొయ్యి వెలిగి ఎన్నాళ్ళయిందో. వాళ్ళు మన మతం కాదు, మన కులం కాదు, అయినా వచ్చి తిన్నారు. ఆదివారం వాళ్ళూ వచ్చి గోడ బయట కూర్చున్నారు.

ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను, దానికి జవాబు రాయి. డప్పు మీద పసుపు ఉందని అప్పారావుకి ఎలా తెలుసు? ఆ జాతరలో ఆయన ఎక్కడ నిలబడి చూశాడు?

పచ్చడి పడవ సరంగు చేత పంపుతున్నాను. అది ప్రసన్నకుమారికి. నీకు కాదు.

సూరమ్మ

రాజమహేంద్రవరం
1893 సెప్టెంబరు 5

ప్రియమైన అక్కయ్యగారికి,

జాడీ పగలకుండా చేరింది. ప్రసన్నకుమారి మీకు వందనాలు చెప్పమంది.

మీ ఉత్తరంతో పాటే అప్పారావుగారి ఉత్తరం కూడా వచ్చింది. బావగారు గుడి బయట వేరే సంఘం పెడుతున్నారని, పడవవాళ్ళ బాణీలో పాటలు కట్టి పాడిస్తున్నారని, లోపలి వాళ్ళు కూడా కొందరు లేచి బయట కూర్చుంటున్నారని రాశారు. ఇది సంఘాన్ని చీల్చడం కాదా అక్కయ్యా? మీరు కూడా లోపలికి వెళ్ళడం మానేశానని గొప్పగా రాశారు. కోపంతో విశ్వాసం వదులుకోకండి. అప్పారావుగారు ఎక్కడ నిలబడ్డారన్నది చిన్న విషయం. సంఘపెద్దను అనుమానించడం మనకు తగదు.

కాని ఒక సంగతి మీకు చెప్పకుండా ఉండలేను. మొన్న శుక్రవారం ప్రార్థన కూటంలో మీ ఉత్తరంలోని కొంత భాగం చదివి వినిపించాను. పేరు చెప్పలేదు. పని లేక, తిండి లేక, తిరిగి వచ్చిన పిడికెడు బియ్యంతో ఆకలిగొన్నవాళ్ళకి విందు చేసిన ఒక విశ్వాసి అని మాత్రం చెప్పాను. వానలో తడుస్తూ పాడాడని చెప్పాను. కూటంలో చాలామంది ఏడ్చారు. ఒక ముసలాయన, కొడుకు పోయిన నాటి నుంచి పాట మానేసినవాడు, ఆ రోజు పాడాడు. మీ శ్రమ వృథా పోవడం లేదని మీకు తెలియాలని రాస్తున్నాను. సంతోషించండి.

మీ
రాజరత్నం

కాలువగట్టు పేట
1893 సెప్టెంబరు 22

రాజరత్నానికి,

సంతోషించనా? ఎంత ధైర్యంరా నీకు!

నా ఆకలి తీసుకెళ్ళి నీ కూటంలో పంచిపెట్టావు. ఏడ్చారట, బలపడ్డారట. బియ్యం ఎందుకు తిరిగి వచ్చిందో వాళ్ళకి చెప్పావా? ఆ విశ్వాసి వానలో ఎందుకు కూర్చున్నాడో చెప్పావా? వాణ్ణి అక్కడ కూర్చోబెట్టింది నేనేనండి అని నీ నోటితో అన్నావా? ఆయన పేరు దాచావు, నీ పేరు కూడా దాచుకున్నావు. నా ఉత్తరంలోంచి తేనె పిండుకుని చెత్త నా మొహాన కొట్టావు.

వేరే సంఘమట! అప్పారావుకి సిగ్గు లేదు సరే, నీకు బుద్ధి ఏమైంది? బుల్లియ్యకి గుడి పాటలు రావు, తెడ్డు వేసేటప్పుడు పాడుకునే బాణీ ఒక్కటే వచ్చు. మీ బావ ఆ బాణీలో మాటలు వేసి ఇచ్చాడు. 'రేవు దగ్గర చేరినాడు యేసయ్యా, మా పడవ తాడు పట్టినాడు యేసయ్యా' అని. ఆ మాటలో తప్పుంటే చూపించు.

తలుపులమ్మ బిడ్డ పోయింది. పోయిన వారం. మూడేళ్ళది. గుండెలు బాదుకుంటున్న తల్లి దగ్గరికి మీ బావ వెళ్ళి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుని, సన్నగా ఆ పడవ పాటే పాడాడు. కొంతసేపటికి తలుపులమ్మ ఈయన కాళ్ళ దగ్గర తల పెట్టుకుని పడుకుంది. గొయ్యి కూడా ఈయనే తవ్వాడు. ఇంటికొచ్చి నా ముందు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇది కూడా నీ కూటంలో చదువుతావేమో. చదివితే నీ అక్కని కాను.

కామందుగారు కబురు పంపించాడు. వచ్చే జాతర నుంచి డప్పు వాయిస్తానంటే ఏడాది పొడుగునా పాలేరుగా పెట్టుకుంటాడట. అమ్మవారు ఏరుకున్న చేతులు ఊరికే ఉండకూడదట. నేను ఏమన్నానో తెలుసా? ఒప్పుకో అన్నాను. అవును, నేనే అన్నాను. "నిన్ను గుడిలోకి రానివ్వని వాళ్ళ కోసం కడుపు మాడ్చుకుంటావా? వెళ్ళి వాయించు, వాళ్ళ ఏడుపు చూడాలని ఉంది నాకు" అని కేకలు పెట్టాను. ఆయన నా మొహం కేసి చూశాడు. "వాయిస్తే కడుపు నిండుతుంది సూరీ, కాదనను. కాని ఇప్పుడు లోపలి నుంచి పాట వస్తోంది చూడు, అప్పుడు అది రాదే" అన్నాడు. మళ్ళీ ఆ నవ్వొకటి.

నాకు నీ మీద కోపం, అప్పారావు మీద కోపం, కామందు మీద కోపం. అన్నిటికన్నా ఆయన సంతోషం మీద కోపం. అది లేకపోతే ఈ ఇల్లు ఎప్పుడో కూలిపోయేదని నాకు తెలుసు, అందుకు ఇంకా కోపం.

అసలు సంగతి ఇది. బుల్లియ్య, తలుపులమ్మ, వాళ్ళ వాళ్ళు మరికొందరు బాప్తిస్మం పుచ్చుకుంటామన్నారు. అప్పారావు ఎగిరి గంతేసి, దొరగారు రాగానే అందరినీ గుడిలోకి తీసుకుంటానన్నాడు. బుల్లియ్య ఏమన్నాడో విను. "మాకు దేవుణ్ణి చూపించినాయన గోడ బయట ఉంటే మేం లోపలికెలాగొస్తామండి? ఆయన ముందు నడిస్తే ఆయన వెనకాల వస్తాం. లేదంటే మా పడవలు మాకున్నాయండి" అన్నాడు. దొరగారు వచ్చేది అక్టోబరు ఇరవై రెండో తారీకు ఆదివారం. ఆ రోజు మీ బావ లోపలికి వెళ్ళకపోతే వాళ్ళూ వెళ్ళరు. ఆ పాపం ఎవరి ఖాతాలో వేస్తారో నువ్వే ఆలోచించుకో.

సూరమ్మ

రాజమహేంద్రవరం
1893 అక్టోబరు 17

అక్కా,

ఈసారి బోధ వాక్యాలు ఏమీ రాయను.

నీ ఉత్తరం వచ్చిన నాడే, కూటంలో పాడిన ఆ ముసలాయన నా దగ్గరికి వచ్చాడు. "బాబూ, ఆయన్ని చూడాలనుందండి. ఆయన బయటెందుకు కూర్చున్నాడో మీరు చెప్పలేదు" అని అడిగాడు. నేను మాట మార్చి పంపేశాను. ప్రసన్నకుమారి తలుపు పక్కన నిలబడి వింది. ఆయన వెళ్ళాక, "మీరు చెప్పకపోతే నేను వెళ్ళి చెబుతానండి" అంది.

నేను బడి చదువు కోసం ఎనిమిదో ఏట పేట వదిలాను. గండి దరువు ఎలా ఉంటుందో నాకిప్పుడు గుర్తు లేదక్కా. గుర్తు లేని దాని గురించి, వినని దాని గురించి నేను సాక్ష్యం చెప్పాను. అదే మాట దొరగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. మున్షీగారి ఎగతాళికి వెరచి తొందరపడ్డానని కూడా చెప్పాను. విచారించకుండా సాక్ష్యం చెప్పేవాడికి ఇప్పుడే పట్టం ఇవ్వలేనని, మరో ఏడాది చూద్దామని అన్నారు. అది న్యాయమే.

నేను కూడా పడవలో వస్తానని అడిగాను. బడి వదిలి రావద్దన్నారు. ప్రసన్నకుమారి కూడా ఇవాళో రేపో అన్నట్టుంది. అప్పారావుగారు ఎక్కడ నిలబడి చూశారన్న నీ ప్రశ్న నా చేత్తో రాసి దొరగారికి ఇచ్చాను. డప్పు మోత ఏదైనా ఒకటేనని ఆయన అనుకుంటున్నారు, ఎంత చెప్పినా నమ్మడం లేదు. ఆ పని నువ్వే చెయ్యాలి. నీకు నోరుంది, కోపం ఉంది. ఈసారి ఆ కోపాన్ని అణుచుకోమని చెప్పను.

ఈ ఉత్తరం దొరగారి పడవలోనే పంపుతున్నాను.

నీ తమ్ముడు

కాలువగట్టు పేట
1893 అక్టోబరు 24

తమ్ముడూ,

ముందు ప్రసన్నకుమారి ఎలా ఉందో రాయి. తరవాత మిగతాది చదువు.

ఆదివారం గుడి నిండిపోయింది. గోడ బయట కూడా నిండిపోయింది. మీ బావ ఎప్పటిలాగే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన బుల్లియ్య వాళ్ళు ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. బల్ల మీద రొట్టె, గిన్నె పెట్టి దొరగారు ముందు విచారణ అన్నారు.

ఆయన తెలుగు నీకు తెలుసుగా. "అప్పారావూ, నీవు ఎచ్చట నిలిచి చూచితివి?" అన్నారు. అప్పారావు మొహం మాడిపోయింది. మేక తప్పిపోతే వెతుక్కుంటూ అటు వెళ్ళానండి అన్నాడు. ఆయనకి మేక లేదని గుడిలో అందరికీ తెలుసు. ఎవరో కిసుక్కుమన్నారు. కాని దొరగారు, "అది యట్లుండనిండు. ముసలయ్య దేవత డప్పును వాయించెను గదా. డప్పు డప్పే గదా" అన్నారు.

నేను ఆగలేకపోయాను. ఆడదాన్ని, గుడిలో, దొరగారి ముందు, ఎదురు మాట్లాడాను. "డప్పు డప్పే కావచ్చండి, దరువు దరువే కాదండి. ఈ అప్పారావన్నా మా ఆయనా ఇరవై ఏళ్ళు పక్కపక్కన వాయించారు. జాతర నాడు తన చెవులతో ఏ దరువు విన్నాడో అది ఈ బల్ల మీద వాయించి చూపించమనండి. రొట్టె ముందు చేతులు పెట్టి వాయించమనండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

అప్పారావు రానన్నాడు. దొరగారు రమ్మన్నారు. వచ్చి బల్ల అంచున వేళ్ళు పెట్టాడు. జాతర దరువు రెండు దెబ్బలు వేశాడు. వేసి, రొట్టె కేసి చూశాడు. చెయ్యి ఆగిపోయింది. నేను కళ్ళు తిప్పలేదు. అప్పుడు ఏమనుకున్నాడో ఏమో, కళ్ళు గట్టిగా మూసుకుని రెండు చేతులతో గండి దరువు ఎత్తుకున్నాడు. ఆ తాటిపలక బల్ల ఖంగుమని మోగింది.

తమ్ముడూ, ఏం చెప్పమంటావు! బయటి నుంచి తలుపులమ్మ "గండో!" అని కేక పెట్టింది. అంతే. గుడి అంతా లేచిపోయింది. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు, పంచెలు ఎగ్గట్టి మగవాళ్ళు, గుమ్మం పట్టక ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గట్టుకి పరుగు. కాళ్ళు రావని ఏడాదిగా మూలుగుతున్న పాపాయి ముసల్ది అందరికన్నా ముందుంది. అవతలి ఒడ్డున కామందుగారి మనుషులు పారలు పట్టుకుని వస్తున్నారు, వెనకాల కామందుగారు చెప్పులు లేకుండా వస్తున్నాడు. వాయించిన అప్పారావు కూడా పరుగెత్తాడు, తనే వాయించానని మరిచిపోయి! మీ బావ అప్పటికే వంపు దగ్గర మోకాలి బురదలో వంగి ఎండ్రకాయ బొరియలు వెతుకుతున్నాడు.

ఎక్కడా చుక్క నీరు కారడం లేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మీ బావకి ముందు అర్థమైంది. బురదలో అలాగే కూర్చుని పగలబడి నవ్వాడు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. అప్పుడు చూశాం, దొరగారు ఒక్కరే, టోపీ లేకుండా, గుడి గుమ్మంలో నిలబడి ఉన్నారు. వెనకాల గుడి ఖాళీ. "గండి ఎక్కడ?" అని అరిచారు. బుల్లియ్య చేతులు కట్టుకుని, "గుడిలోనేనండి దొరగారూ, ఇప్పుడే పూడిందండి" అన్నాడు.

దొరగారు లోపలికి వెళ్ళారు. రొట్టె పళ్ళెం తన చేత్తో పట్టుకుని బయటికి వచ్చారు. బల్ల తెమ్మన్నారు. మీ బావ ఇన్నాళ్ళూ కూర్చున్న చోట, ఆ గోడ పక్కనే వేయించారు. అప్పటి వరకు లోపల కూర్చున్న వాళ్ళందరూ ఆయన చుట్టూ నేల మీద కూర్చున్నారు. మొదటి ముక్క మీ బావకి ఇవ్వబోయారు. ఈయన చెయ్యి చాపలేదు. "ఒక్క నిమిషమండి" అని లేచి వెళ్ళి, చెట్టు చాటున నిలబడి ఏడుస్తున్న అప్పారావు భుజం పట్టుకుని తీసుకొచ్చాడు. "ఏరా, అన్నేళ్ళు మానేసినా నీ చెయ్యి ఒక్క దెబ్బ తప్పలేదు కదరా" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తిన్నారు.

మధ్యాహ్నం బుల్లియ్య వాళ్ళకి బాప్తిస్మాలు అయ్యాయి. సాయంత్రం అప్పారావు పెళ్ళాం మా ఇంటికొచ్చి, పిడికెడు బియ్యం ఇస్తావా వదినా అని కుండ చాపింది. వేశాను. కాస్త గట్టిగానే వేశాను, గింజలు కింద పడ్డాయి.

కామందుగారు ఒడ్డున నిలబడి అంతా చూసి వెళ్ళాడు. పని మాత్రం ఇవ్వలేదు. పొయ్యి రోజూ వెలగడం లేదు. అప్పారావుని నేను ఇంకా క్షమించలేదు, నిన్ను కూడా పూర్తిగా క్షమించలేదు. కాని ఆదివారం గోడ బయట ఆఖరి పాట పాడేటప్పుడు నా గొంతు కూడా అందులో ఉంది. మీ బావ తల తిప్పి చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

నీ పట్టం వాయిదా పడిందని రాశావు. నీ మొదటి ఉత్తరం నాటి పాదిరి కంటే ఈ బడిపంతులే నాకు నయం.

ఈ ఉత్తరాన్ని నీ కూటంలో చదువుకో. వద్దనను. ఆ పాట మానేసిన ముసలాయన్ని ముందు వరసలో కూర్చోబెట్టు. అయితే ఏదీ దాచకుండా చదవాలి. ముసలయ్య పేరు చదువు, అప్పారావు పేరు చదువు, నీ పేరు చదువు. ఆయన పాట చదివిన గొంతుతోనే నా కోపం కూడా చదువు. అది కూడా ఆ గోడ పక్కన వానలో కూర్చుందిరా.

నీ అక్క
సూరమ్మ